ఓడినవాడును చదువదగిన తీర్పు

2024వ సంవత్సరము అక్టోబరు మాసమున సుప్రీంకోర్టునందలి క్రొత్త న్యాయదేవతా విగ్రహమును గూర్చిన వార్త దేశమందలి పత్రికలలో విశేషముగా వచ్చినది. మనము చిరకాలము చూచిన విగ్రహమునకు కన్నులకు గంతలుండెను. ఒకచేత త్రాసు, వేఱొకచేత ఖడ్గము నుండెను. క్రొత్త విగ్రహమునకు గంతలు లేవు. ఖడ్గమునకు మాఱుగా రాజ్యాంగ గ్రంథమున్నది. త్రాసు మాత్రము యథాపూర్వముగనే యున్నది. గంతలు తీయుట మేలా, కీడా యని పెద్దలు వాదించుకొనిరి. కన్నులు మూసికొనుట పక్షపాతము లేమికి గుఱుతని కొందఱు, కన్నులు తెఱచుట చట్టము గ్రుడ్డిది కాదనుటకు గుఱుతని మఱికొందఱు చెప్పిరి. ఈ వాదప్రతివాదములలో ఒక ప్రశ్న మాత్రము నాకు కానరాలేదు. దేవత కన్నులు తెఱచినది, సంతోషము. చేతికి గ్రంథము వచ్చినది, మఱింత సంతోషము. కాని యామె నోరు తెఱచినప్పుడు వెలువడు వాక్యము, ఎదుట చేతులు కట్టుకొని నిలుచున్నవానికి తెలియునా?

న్యాయదేవత వాక్యమే తీర్పు. మనవారు కావ్యములను విమర్శింతురు, నాటకములను విమర్శింతురు, వార్తాపత్రికల తెలుగును సయితము విమర్శింతురు. తీర్పును ఒక గద్యరచనగా ఎదుటబెట్టుకొని, దాని గుణమెట్టిది, దోషమెట్టిది యని విచారించువారు మాత్రము మనలో అరుదు. తీర్పు సరియైనదా కాదా యని వాదించుట వేఱు. అది చక్కగా వ్రాయబడినదా లేదా యని పరీక్షించుట వేఱు. మొదటిది న్యాయవాదుల పని. రెండవది భాష నేర్చినవారందఱి పని. పద్యము చెడ్డదైనచో చదువరి పుస్తకము మూసి నిదురించును. ఎవ్వరికిని నష్టము లేదు. తీర్పు చెడ్డ గద్యమైనచో ఒకనికి పొలము పోవును, ఒకనికి ఉద్యోగము పోవును, ఒకడు చెఱకు పోవును. ఎందుకు పోయినదో, ఎందుకు పోవుచున్నాడో వానికి తెలియదు. లోకమున ఇంత బలముగల గద్యము మఱియొకటి లేదు. ఇంత తక్కువగా విమర్శింపబడునదియు మఱియొకటి లేదు.

ప్రతి రచనకును ఒక చదువరి యుండును. తీర్పునకు చదువరి యెవ్వడు? గెలిచినవాడు కడపటి పంక్తిని చదివి, కాగితము మడిచి పెట్టెలో దాచుకొనును. వకీలు తన తరువాతి వ్యాజ్యమునకు పనికివచ్చు వాక్యమేదైన దొరకునా యని వెదకును. పైకోర్టువారు తప్పులున్నవా యని చూతురు. మొదటినుండి తుదివఱకు, ప్రతి యక్షరమును తనకొఱకే వ్రాయబడినదని తలచి చదువగోరువాడు ఒక్కడే కలడు. వాడు ఓడినవాడు. వానికి కావలసినది రెండు మాటలు: నేను చెప్పినది వినిరా? విని ఎందుకు త్రోసివేసిరి? ఈ రెంటికిని తనకు తెలిసిన మాటలలో ఉత్తరము దొరకినచో వానికి దుఃఖము తీరకపోవచ్చును గాని, అనుమానము తీరును. పైకోర్టునకు పోవలయునో, ఉన్న నాలుగు రూకలు మిగుల్చుకొని ఇంటికి పోవలయునో తానే నిశ్చయించుకొనగలడు. ఉత్తరము దొరకనిచో అది దైవఘటనయనియో, డబ్బు మహిమయనియో అనుకొనును. తెలియని తీర్పువలన చెడునది ఓడినవాని మనస్సు మాత్రమే కాదు. న్యాయస్థానము గౌరవముగూడ చెడును. కావున ఓడినవాడు చదివి గ్రహింపగలిగినదే మంచి తీర్పని నా సిద్ధాంతము. ఈ కొలతతోడనే మన తీర్పులను కొలిచి చూతము.

ఈ కొలత నేను పడమటినుండి తెచ్చినది కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు వ్యవహారమునకు, అనగా నేటి దావాకు, నాలుగు పాదములు చెప్పెను. వాది చేయు ఫిర్యాదు మొదటిది, ప్రతివాది చెప్పు సమాధానము ఉత్తరము, సాక్ష్యము, పత్రము మున్నగు ప్రమాణములు చూపుట క్రియ, కడపటిది సాధ్యసిద్ధి. మొదటి పాదమునకు ఆయన వాడిన పేరేమో చదువరులు గమనింతురుగాక. దాని పేరు భాషాపాదము. భాష లేనిచో వ్యవహారమునకు మొదటి కాలే లేదు. నిర్ణయమైన పిమ్మట ఇచ్చు పత్రమున వాది మాట, ప్రతివాది మాట, ప్రమాణములు, నిర్ణయము నన్నియు నుండవలెనని స్మృతికారులు చెప్పిరి. దానికి జయపత్రమని పేరు. అది గెలిచినవానికి ఇచ్చు కాగితము. ఆ స్మృతులు కులమునుబట్టి దండమును మార్చినవి, స్త్రీలకు శూద్రులకు చేయరాని యన్యాయము చేసినవి; వాని ధర్మమును మరల నిలుపుడని నేను చెప్పుటలేదు. వాని వ్రాతక్రమమును మాత్రము గ్రహింపుమనుచున్నాను. ఆ క్రమమునకు మనకాలపు సమత్వమును జోడించినచో, జయపత్రము చాలదు. ఓడినవానికిని అర్థమగు పత్రము కావలయును.

ఇక దోషవిచారము. మమ్మటుడు కావ్యప్రకాశమున కావ్యదోషములను పరిగణించెను. వానిలో మూడు మన తీర్పులకు చక్కగా సరిపోవును. ఒకటి అప్రతీతము: ఒకానొక శాస్త్రమున తప్ప లోకమున ఎవ్వరును వాడని మాటను వాడుట. రెండవది క్లిష్టము: అర్థము చేరుటకు ఎన్నో అడ్డుగోడలు దాటవలసివచ్చుట. మూడవది అవిమృష్టవిధేయాంశము: ప్రధానముగా చెప్పదలచిన అంశమునకు వాక్యమున ప్రాధాన్యము లేకుండుట. కావ్యమున ఇవి రసమును చెఱచును. తీర్పున ఇవి న్యాయమును చెఱచును.

ఉదాహరణము లేనిదే విమర్శ నిందయగును. 2017వ సంవత్సరము ఏప్రిలున జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా గార్ల ధర్మాసనము హిమాచలప్రదేశ్ హైకోర్టు తీర్పు నొకదానిని రద్దుచేసి, మరల వ్రాయుడని తిరిగి పంపినది. చట్టము తప్పని కాదు, సాక్ష్యము తప్పని కాదు. ఆ తీర్పున నేమి చెప్పబడినదో తమకు బోధపడలేదని. ఇంటి యజమానికిని అద్దెకున్నవానికిని నడుమ వచ్చిన సామాన్యపు తగవది. ఆ తీర్పు వాక్యములు పత్రికలలో అచ్చుపడినవి. వానిని నేను ఆంగ్లవ్యాకరణ దృష్టితో విడదీసి చూచితిని. నేడు శాసనగ్రంథములలో తప్ప కానరాని కూర్పుమాటలు వాక్యమున కొన్ని. ఒక కర్మణి ప్రయోగము కడుపులో మఱియొక కర్మణి ప్రయోగము. క్రియ కొఱకు ఎదురుచూచి ఎదురుచూచి చదువరి కర్తను మఱచిపోవును. మమ్మటుడు చెప్పిన మూడు దోషములును ఒక్క వాక్యముననే కాపురమున్నవి. దీనిని తెలిసికొనుటకు ఆంగ్లోపాధ్యాయుని కుదుర్చుకొనవలసి వచ్చునని వకీలొకరు చమత్కరించినట్లు పత్రికలయందు వచ్చినది. ఉపాధ్యాయుడనగుటచే నేనా మాటకు నవ్వలేకపోతిని. దేశమందలి అత్యున్నత న్యాయమూర్తులకే తెలియనిదానిని ఆ యింటిలో అద్దెకున్నవాడు తెలిసికొనవలెనట!

ఆ హైకోర్టు తీర్పునుగూర్చియే 2022వ సంవత్సరము ఆగస్టున మరల ఇట్టి ప్రసంగము వచ్చినది. స్టేటుబ్యాంకునకును ఉద్యోగి యొకనికిని జరిగిన వ్యాజ్యమున జస్టిస్ డి. వై. చంద్రచూడ్, జస్టిస్ ఏ. ఎస్. బోపన్న గార్లు, హైకోర్టు చెప్పిన కారణములు గ్రహింపరాకుండుటచే, విచారణను తిరిగి పంపుచు, తీర్పు ఎట్లు వ్రాయవలెనో సవిస్తరముగా చెప్పిరి. అంశమేది, దానికి చెల్లు న్యాయసూత్రమేది, ఆ సూత్రము ఈ సంగతులకు ఎట్లు అన్వయించును, తుదకు తేలినదేమి యను వరుస పాటింపవచ్చుననిరి. పేరాలకు సంఖ్య లుండవలెననిరి. ఎవ్వరి జీవితమును తీర్పు తాకునో వారికి అది అర్థము కావలెననిరి. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అని మీమాంసకులు అధికరణమును నడుపు పద్ధతి ఎఱిగినవారికి ఈ వరుస క్రొత్తకాదు. క్రొత్తదేమనగా, ఇది చెప్పవలసి వచ్చుట! ఇంత చిన్నపాఠము ఇంత పెద్ద పీఠమునుండి రావలసినదనిన, క్రింద రోగము ఎంత ముదిరినదో ఊహింపవచ్చును.

క్లిష్టతకు తోడు దైర్ఘ్యము. 1973వ సంవత్సరపు కేశవానంద భారతి తీర్పు మన రాజ్యాంగమునకు వెన్నెముక వంటిది. పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని దాని మూలస్వరూపమును చెఱుపరాదని ఆ తీర్పు నిలిపినది. పదముగ్గురు న్యాయమూర్తులు, పదునొకండు వేర్వేరు అభిప్రాయములు, ఏడునూఱులకు పైగా పుటలు, ఏడుగురొకవైపు, ఆఱుగురొకవైపు. విషయము గొప్పది గనుక ఆ దైర్ఘ్యమును క్షమింపవచ్చును. కాని పెద్దకోర్టు చేసినదెల్ల చిన్నకోర్టునకు ఒరవడి యగును. వెనుకటి తీర్పులనుండి పుటలకు పుటలు ఎత్తి వ్రాసి, తన మాట నాలుగు పంక్తులలో ముగించు అలవాటు క్రిందివఱకు దిగినది. ఎత్తి వ్రాసినది ఆలోచన కాదు. బడిలో పిల్లవాడు అట్లు చేసినచో మేము సున్న వేయుదుము.

ఇంతవఱకు చెప్పినది ఆంగ్లము తెలిసినవాని కష్టము. ఆంగ్లము తెలియనివాని మాటయేమి? మన రాజ్యాంగము 348వ అధికరణము, పార్లమెంటు వేఱుగా నిర్ణయించువఱకు సుప్రీంకోర్టునందును హైకోర్టులందును వ్యవహారము ఆంగ్లముననే జరుగవలెనని చెప్పినది. అయినను ఆ గోడకు తలుపు లేకపోలేదు. రాష్ట్రపతి ముందనుమతితో గవర్నరు హైకోర్టు వ్యవహారమున రాష్ట్రభాషను అనుమతింపవచ్చును. 1963వ సంవత్సరపు అధికార భాషల శాసనము 7వ విభాగము తీర్పులకును ఆ యవకాశమిచ్చినది; ఆంగ్లానువాదము తోడుండిన చాలును. రాజస్థాన్ 1950లోను, ఉత్తరప్రదేశ్ 1969లోను, మధ్యప్రదేశ్ 1971లోను, బీహారు 1972లోను హిందీకి అనుమతి పొందినవి. తమిళనాడు, గుజరాత్, కర్ణాటకము, పశ్చిమబంగాళము, ఛత్తీస్‌గఢ్ తమతమ భాషలకొఱకు కోరినవి; 2012వ సంవత్సరము అక్టోబరున సుప్రీంకోర్టు న్యాయమూర్తులందఱును కూడి అంగీకరింపలేదు. కోరినవారికి లేదనిరి, సరే. ఆ కోరినవారి పట్టికలో తెలుగు పేరు లేదు. 1966లోనే తెలుగును అధికారభాషగా శాసించుకొన్న మనము తలుపుకడకు పోయి తట్టనైన తట్టలేదు. ఇందు ఢిల్లీని నిందించి ప్రయోజనమేమి?

హైకోర్టు మాట అటుండనిండు. దిగువకోర్టుల భాషను నిర్ణయించు అధికారమును సివిలు ప్రక్రియాస్మృతియు, క్రిమినలు ప్రక్రియాశాసనమును రాష్ట్రప్రభుత్వమునకే ఇచ్చినవి. అచ్చట వాది తెలుగువాడు, ప్రతివాది తెలుగువాడు, సాక్షులు తెలుగువారు, ఇరుపక్షముల వకీళ్లు తెలుగువారు, పీఠముపై న్యాయాధికారియు తఱచుగా తెలుగువాడే. సాక్షి తెలుగున చెప్పును. తీర్పు మాత్రము ఆంగ్లమున వచ్చును. అక్కడక్కడ కొందఱు న్యాయాధికారులు సాహసించి తెలుగున తీర్పులు వ్రాసిరి. వారిని పత్రికలు వింతగా ప్రకటించినవి. తెలుగునాట తెలుగు తీర్పు వింతయగుటకంటె వింత యేమున్నది?

దీనివలన జరుగు నష్టమునకు ఒక్క నిదర్శనము చెప్పెదను. పిత్రార్జితమున కూతురికి కొడుకుతో సమానముగా పుట్టుకతోడనే హక్కు కల్పించిన మొదటి రాష్ట్రము మన ఆంధ్రప్రదేశమే. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చినది. అప్పటికే వివాహమైన ఆడుబిడ్డలకు మాత్రము వర్తింపలేదు. 2005లో పార్లమెంటు దేశమంతటికిని అట్టి హక్కు నిచ్చినది. తండ్రి ఆ సవరణనాటికి జీవించియుండవలెనా, అక్కఱలేదా యను సందేహమును 2020 ఆగస్టు 11 నాడు సుప్రీంకోర్టు వినీతా శర్మ వ్యాజ్యమున తీర్చినది. హక్కు పుట్టుకతో వచ్చినది గనుక తండ్రి బ్రదికియుండవలసిన నియమము లేదనినది. అంతకంటె ముఖ్యముగా, ఎన్నడో నోటిమాటగా పంచుకొంటిమను సాకును సామాన్యముగా అంగీకరింపరాదనియు, సర్కారు దస్తావేజులవంటి దృఢప్రమాణములున్న అసాధారణ సందర్భములందు మాత్రమే వినవచ్చుననియు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా ముగిసిన పంపకములకు మాత్రము భంగము లేదు.

మన పల్లెలలో ఆడుబిడ్డ వాటా అడిగినప్పుడు అన్నదమ్ములు మొదట చెప్పు మాట యేది? “నాన్న ఉన్నప్పుడే నోటిమాటగా పంచుకొన్నాము, నీ కేమున్నది?” అను మాటయే. ఆ మాటకు ప్రత్యుత్తరము సుప్రీంకోర్టు వ్రాసి పెట్టినది. వ్రాసినది ఆంగ్లమున. మాబోటి బడిపంతుళ్లకడకు ఊరివారు కోర్టు కాగితములు తెచ్చి చదివించుకొనుట నేటికిని కలదు. తన హక్కును నిలుపు వాక్యము తన చేతనే యుండగా, ఆ వాక్యమేదో తెలియక, చదివిపెట్టువారి దయకొఱకు ఎదురుచూచు ఆడువారిని నేను చూచితిని. చదివిపెట్టువాడు అన్నగారి స్నేహితుడైనచో ఆ వాక్యమును దాటవేయుటకు ఎంతసేపు? చట్టము సమత్వమిచ్చినది, భాష దానిని త్రోవలో దోచికొన్నది.

ఇందు మఱియొక విపరీతము కలదు. వినీతా శర్మ తీర్పు విచారించిన దాయభాగ ధర్మము మితాక్షర ధర్మమే. ఆ విజ్ఞానేశ్వరుని గ్రంథమును తిక్కనకు సమకాలికుడైన కేతన పదమూడవ శతాబ్దిననే తెలుగుపద్యములలో విజ్ఞానేశ్వరమను పేర రచించెను. అనగా కూతురికి వాటాలేదను ధర్మము ఏడునూఱుల యేండ్లక్రిందటనే తెలుగున వ్రాయబడినది. కూతురికి వాటా కలదను తీర్పు నేటి ఆంగ్లమున వ్రాయబడినది. అన్యాయమునకు తెలుగు వచ్చును, న్యాయమునకు రాదా?

ఈ లోటు తీర్చుటకు ప్రయత్నములు జరుగలేదనుట కృతఘ్నత. 2019 నవంబరులో సుప్రీంకోర్టు అనువాద యంత్రమును నెలకొల్పినది. 2023 జనవరి 26 నాడు దేశభాషలలో వేయికి పైగా తీర్పులను ప్రకటించినది. అందు అధికభాగము హిందీయే, తెలుగు పాలు స్వల్పము. 2023 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు తన తీర్పులు రెండింటిని మలయాళమున వెలువరించినది. అదే సంవత్సరము జూనులో తెలంగాణ హైకోర్టున జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక గార్ల ధర్మాసనము ఒక కుటుంబపు భూమి తగవున తెలుగుననే తీర్పు చెప్పినది. తల్లి భూమినిగూర్చి తోబుట్టువులు వాదించుకొన్న తగవు తల్లిభాషలో తీరుట ఉచితముగదా! ఆ యిరువురు న్యాయమూర్తులకు తెలుగువారు ఋణపడియున్నారు. కాని ఒక్క దీపము వెలిగించి ఊరంతయు వెలుగైనదని అనుకొనుట మన పాత అలవాటు.

అనువాదములకును రెండు కీడులున్నవి. మొదటిది వానికి తగిలించు హెచ్చరిక. ఈ యనువాదము కక్షిదారుడు తన భాషలో తెలిసికొనుటకు మాత్రమే యనియు, సమస్త కార్యములకును ఆంగ్లప్రతియే ప్రమాణమనియు దాని సారాంశము. శాసనదృష్టిని ఇది అవసరమే కావచ్చును. ఐనను ఆ ‘తెలిసికొనుటకు మాత్రమే’ యను మాటలో ‘మాత్రమే’ నన్ను బాధించును. తెలిసికొనుట అంత తక్కువ పనియా? తీర్పు వ్రాయుటకు అంతకంటె గొప్ప ప్రయోజనమేమున్నది? రెండవది యంత్రపు తప్పు. అప్పీలునకు అనుమతి యిచ్చితిమనుటకు కోర్టువారు ‘లీవ్ గ్రాంటెడ్’ అందురు. యంత్రము దానిని హిందీలో ‘సెలవు మంజూరు’ అని మార్చినదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులే సభలయందు చెప్పిరి. నవ్వుకొనవచ్చును. కాని తప్పు యంత్రముది మాత్రమే కాదు. లోకమున సెలవని అర్థమిచ్చు మాటను అనుమతియను అర్థమున వాడు శాస్త్రమున, అప్రతీతదోషము మూలముననే యున్నది. మూలము మసకయైనచో అద్దమునేమి చేయుదుము?

ఇక తెలుగున వ్రాయవలెనని కోరువారికి నాదొక హెచ్చరిక. ఆంగ్లమునందలి అడవిని కొట్టి సంస్కృతపు అడవిని నాటినచో ఓడినవానికి ఒరిగినదేమి? నేను సంస్కృతము చదువుకొన్నవాడను. కనుకనే ఈ మాట చెప్పుటకు నాకు అధికారమున్నది. 2024 జూలై 1 నుండి 1860 నాటి శిక్షాస్మృతికి మాఱుగా భారతీయ న్యాయ సంహిత వచ్చినది. దానితో నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమము వచ్చినవి. పేర్లు సంస్కృతమున నున్నవి. లోపల శాసనపాఠము, 348వ అధికరణము కోరినట్లు, ఆంగ్లముననే ప్రమాణము. గుమ్మమునకు మామిడాకులు కట్టిరి, ఇల్లు పాతదే. పేరు మార్చుటవలన భాష మారదు. ప్రజలు శాసనమును తమ నోటికి తెచ్చుకొను మార్గము వేఱు. మోసగానిని ‘ఫోర్ ట్వంటీ’ యనని తెలుగువాడు కలడా? శాసనమున 420 పోయి 318 వచ్చినను వాని నోటనుండి ఆ మాట పోలేదు. దావా, వకీలు, వాయిదా, జప్తు, జామీను, రాజీ అను మాటలు పారసీకార్బీల నుండి వచ్చి మన పల్లెలలో స్థిరపడినవి. ముద్దాయి యను మాట ఇంకను చిత్రమైనది. దాని మూలభాషలో అది ఫిర్యాదు చేసినవానికి పేరు. తెలుగున నేరము మోపబడినవానికి పేరైనది. పండితుడు తప్పనును, లోకము ఒప్పనినది, కోర్టును ఒప్పుకొన్నది. మాటకు ప్రాణము లోకమునుండి వచ్చును. కాబట్టి తీర్పున జామీనును తీసివేసి ఎవ్వరును ఎఱుగని సమాసము పెట్టువాడు తెలుగునకు సేవచేయుటలేదు.

పూర్వపక్షమును విందము. ఇతర రాష్ట్రములనుండి బదిలీయై వచ్చు హైకోర్టు న్యాయమూర్తులకు తెలుగు రాదుగదా యందురు. నిజమే. దేశమంతటికిని న్యాయము ఒకటిగా నడచుటకు ఒక భాష కావలెనందురు. అదియు నిజమే. ఆంగ్లము బోధించి జీవించు నేను దానిని దేశమునుండి వెడలగొట్టుమనను. సుప్రీంకోర్టు చదువదగిన ప్రతి యుండనిండు. కాని ఓడినవాడు చదువదగిన ప్రతియు నుండవలెనుగదా! శాస్త్రవిషయమునకు దేశభాష చాలదను మాట మాత్రము నేనొప్పను. హైదరాబాదు సంస్థానమున హైకోర్టువఱకు ఉర్దూలో వ్యాజ్యములు నడచినవి. తెలుగు రైతునకు ఆ ఉర్దూయు పరాయిదే. ఐనను దేశభాష చట్టమును మోయగలదని అది ఋజువుచేసినది. ఇంగ్లండు దేశచరిత్రయు ఇదే చెప్పుచున్నది. అచ్చటి కోర్టులలో ఫ్రెంచిభాష నడచుచుండగా, ప్రజలకు అది తెలియదుగనుక ఆంగ్లముననే వాదింపవలెనని 1362లో శాసనముచేసిరి. చిత్రమేమన, ఆ శాసనమును సయితము ఫ్రెంచిలోనే వ్రాసిరి! లాటిన్, ఫ్రెంచి వ్రాతలు పూర్తిగా పోవుటకు 1731 నాటి శాసనము కావలసివచ్చినది. న్యాయశాస్త్రమున స్పష్టత చెడునని అప్పుడును పెద్దలు అడ్డుపడిరి. చెడలేదు. నేడు మనవారు ఏ భాష లేనిదే న్యాయము నిలువదనుచున్నారో, ఆ భాషనుగూర్చియే నాటి న్యాయవేత్తలు అది న్యాయమునకు పనికిరాదనిరి.

కావున చేయవలసినది దుర్లభము కాదు. ఒకటి: దిగువకోర్టులలో సాక్ష్యము తెలుగున జరిగిన ప్రతి వ్యాజ్యమునకు తీర్పు తెలుగున నుండవలెను, అది ఒక్కదినమున సాధ్యము కాదన్నచో భరణము, అద్దె, పంపకము, చిన్ననేరములతో మొదలిడవచ్చును. రెండు: హైకోర్టు తీర్పు ఆంగ్లమున నున్నను, దాని మొదట ఒక్క పుటలో, తగవేమి, ఇరువురును చెప్పినదేమి, కోర్టు నిర్ణయమేమి, కారణమేమి యని నాలుగు పాదములు తెలుగున నుండవలెను, దానిని యంత్రమునకు విడువక, భాషయు చట్టమును ఎఱిగిన మనుష్యుడు సరిచూడవలెను. మూడు: శిక్షపడినవాడు కోరినచో వీలైనంతవఱకు వాని భాషలో తీర్పు అనువాదమీయవలెనని పాత క్రిమినలు ప్రక్రియాశాసనము 363వ విభాగముననే చెప్పియుండెను, ఆ సౌకర్యము కలదని శిక్ష విధించునాడే వానికి చెప్పవలెను. అడిగినవానికి ఇత్తుమనుట, అడుగవచ్చునని తెలియనివానికి ఇయ్యమనుటయే. నాలుగు: మన రెండు తెలుగు ప్రభుత్వములును 7వ విభాగముక్రింద కోరిక పెట్టవలెను, కాదన్నచో మరల పెట్టవలెను.

ఇవి ప్రభువుల పనులు. మన పని యొకటి మిగిలియున్నది. కవితాసంపుటము వెలువడినచో నెలతిరుగకముందే విమర్శ వ్రాయు మనము, ఈ నేలపై మనుష్యుల బ్రదుకులను త్రిప్పివేయు గద్యమును కన్నెత్తి చూడకున్నాము. భాష నేర్చినవారు నెలకొక్క తీర్పును దీసికొని చదువుడు. గెలిచినదెవ్వరని అడుగకుడు. వాక్యము నిలిచినదా, విధేయము కనబడినదా, ఓడినవాని మాటకు సమాధానమున్నదా యని పరీక్షింపుడు. బాగుగా వ్రాసిన న్యాయాధికారిని పేరుపెట్టి మెచ్చుకొనుడు. ఆయనకు మన మెప్పు అరుదుగా దొరకును. చెడుగా వ్రాసినదానిని మర్యాద తప్పక, భయము లేక, ఇది చెడ్డగద్యమని చెప్పుడు. వ్రాతను విమర్శించుట న్యాయస్థానమును ధిక్కరించుట కాదు; దాని మాట మాకు తెలియవలెనని కోరుట మాత్రమే. ఆ కోరిక కోరుటకు ఓడినవానికంటె ఎక్కువ హక్కు ఎవ్వరికిని లేదు; వాని తరఫున కోరుటకు చదువు వచ్చినవారికంటె ఎక్కువ బాధ్యతయు ఎవ్వరికిని లేదు.